భర్త పేరు అడిగిన పెట్టె

2009 ఆగస్టులో నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. మరుసటి ఏడు జూన్‌లో కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, ఒక మేడ మీదున్న కంప్యూటర్ సెంటర్‌లో ప్రోగ్రాములు రాసే విజువల్ బేసిక్ భాష నేర్చుకోవడానికి చేరాను. అందరూ డిగ్రీ చదివే పిల్లలు. నెరిసిన తల నాదొక్కటే. మొదటి రోజే పక్క కుర్చీ అమ్మాయి అడిగింది.

“గిది నేర్చి నువ్వేం జేస్తవ్ అవ్వా? నీకెవలిస్తరు జాబు?”

“ఇయ్యకపోతే ఇయ్యకపాయె. నువ్వు పందొమ్మిదో ఎక్కం జెప్పు, ఇంట.”

ఆ పిల్ల మళ్లీ నా జోలికి రాలేదు.

నాకు ఆ చదువులో అన్నిటికంటే నచ్చింది, తెర మీద ఉన్నట్టుండి తెరుచుకునే చిన్న పెట్టె. ప్రోగ్రాముకు మనిషితో మాట్లాడాల్సిన పని పడితే ఆ పెట్టె వస్తుంది. “ఈ రికార్డు తీసేయమంటారా?” అని అడుగుతుంది, కింద రెండు బటన్లు పెడుతుంది, మనం ఏదో ఒకటి నొక్కేదాకా కదలదు. మాస్టారు దీన్ని కొన్ని ఇంగ్లీషు మాటలుగా బోర్డు మీద రాసి బట్టీ పట్టమన్నారు. ఆ మాటల వెనక అంకెలున్నాయని నేను పుస్తకం చివరి పేజీల్లో చూశాను. “అవును, కాదు” బటన్లకు 4. ప్రశ్న గుర్తుకు 32. ఎంటర్ కొడితే రెండో బటన్ నొక్కినట్టు కావాలంటే 256. మూడూ కూడితే 292. ఆ ఒక్క సంఖ్య రాస్తే చాలు, కంప్యూటర్ దాన్ని మళ్లీ విడదీసి మూడు కోరికలూ తీరుస్తుంది. బటన్ల వరుస, గుర్తుల వరుస, ఎంటర్ వరుస, ఒక్కోదాని నుంచి ఒక్కటే తీసుకుంటే ఏ రెండు పెట్టెలకూ ఒకే మొత్తం రాదు. కాగితం మీద అన్ని కూడికలూ వేసి చూశాను, నిజంగానే రాలేదు. ఈ పెట్టెను తయారుచేసిన మనిషి ఎవరో గాని, మంచి లెక్కల మనిషి అనుకున్నాను.

ఆ 256 ఎందుకో కూడా నాకు నేనే చెప్పుకున్నాను. మనుషులు చదవకుండా ఎంటర్ కొడతారు. తీసేసే పనికి “కాదు” అన్నదే ముందు సిద్ధంగా ఉండాలి.

మా చెల్లెలి బిడ్డ డాక్టరు. ఎల్లారెడ్డిలో బస్టాండుకు దగ్గర్లో చిన్న క్లినిక్ నడిపేది. బీపీకి, షుగరుకు, జ్వరాలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచీ తండాల నుంచీ వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఒక ఊళ్లో ఒకే పేరున్న వాళ్లు నలుగురైదుగురు ఉంటారు. 2011 దసరా తర్వాత ఒకామె చీటీ అదే పేరున్న ఇంకొకామె చేతికి పోయింది. మందు ఇచ్చే ముందు డాక్టరే పట్టుకుంది కాబట్టి సరిపోయింది. అప్పుడే కంప్యూటర్ పెట్టాలని నిర్ణయించుకుంది. సిటీ నుంచి ఒకాయన వచ్చి తాను అమ్మే ప్రోగ్రాం ప్యాకేజీ చూపించి వెళ్లాడు.

“నేను రాస్త,” అన్నాను.

“పెద్దమ్మా, గిది హోంవర్క్ గాదు. ఒకరి మందు ఒకరికి పోతే నేను ఇక్కడ మొఖమెట్ల సూపియ్యాలె?”

“పోదు. రాసి సూపిస్త.”

“సరే, మార్చి దాకా సూస్త. అప్పటికి కుదురకపోతే సిటీ ఆయనదే తీసుకుంట. నువ్వు మళ్ల అలుగొద్దు.”

అలగనన్నాను. కానీ నా ప్రోగ్రాం ఆ కౌంటరు మీద నిలబడాలని మార్చి దాకా నేను కోరుకున్నంతగా, ఉద్యోగంలో ప్రమోషన్ కూడా కోరుకోలేదు.

మామూలు పెట్టెలో తెలుగు రాదు, అక్షరాల చోట ప్రశ్న గుర్తులు పడతాయి. అందుకని తెర మీదే ఒక ఖాళీ ఫారం తీసుకుని నా పెట్టె నేనే కట్టాను. తెర వెడల్పు 1024 చుక్కలు, నా పెట్టె 320. తీసివేస్తే 704, అందులో సగం 352. ఎడమ నుంచి అన్ని చుక్కలు వదిలితే పెట్టె సరిగ్గా నడుమన నిలబడింది. జవాబు చెప్పేదాకా వెనకున్న తెరను ముట్టుకోనియ్యకుండా చేశాను. ఒకే పేరు వాళ్లను విడదీయడానికి భర్త పేరు కావాలని అనుకున్నాను. అది ఖాళీగా ఉంటే “భర్త పేరు రాయండి” అని పెట్టె వచ్చేది. రాస్తేనే ముందుకు.

2012 జనవరిలో కౌంటరు మీద పెట్టించాను. కౌంటరులో కూర్చునే ఆమె ముప్పై ఏళ్ల మనిషి, చురుకైంది. రెండో వారం ఫోన్ చేసింది.

“టీచరమ్మా, మీ డబ్బా నడుస్తలేదు. ఒక్కసారి రాండ్రి.”

లింగంపేట మీదుగా వెళ్లే బస్సెక్కి పోయాను. తెర మీద పట్టీ తెరిచి చూస్తే, వచ్చిన ఆడవాళ్లలో చాలామంది భర్త పేరు దేవుడు. ఒకరి కింద ఒకరు, దేవుడు, దేవుడు, దేవుడు.

“ఇదేంది?” అన్నాను.

“మరేం జేయాలె? వాళ్లు పేరు జెప్పరు, మీ డబ్బా ముందటికి పోనియ్యది. ఒకామె ‘దేవుని పేరే బిడ్డా’ అన్నది. ఏ దేవుడంటే నవ్వుతది. నేను దేవుడు అని కొట్టిన. మీ డబ్బా ఊకున్నది. గప్పటి సంది అందరికి గదే.”

“కాగితం మీద రాసినప్పుడు ఏం జేసేదానివి?”

“ఖాళీగ ఇడిసిపెడుదు. కాగితం కొట్లాడదు గదా టీచరమ్మా.”

ఆ పూట ఆమె పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక ముసలామె వచ్చింది.

“మీ ఆయన పేరేందవ్వా?”

“గది నేనెట్ల జెప్త బిడ్డా?”

“మెల్లగ జెప్పు. ఎవలు ఇంటలేరు.”

“ఆయన ఇంటడు.”

“ఏడున్నడు? బయటున్నడా?”

“పోయి నాలుగేండ్లాయె.”

లైనంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, పేరు మాత్రం చెప్పలేదు. వెనకున్న ఇంకొకామెను మోచేత్తో పొడిచి, “నువ్వు జెప్పరాదే,” అంది. ఆమె చెప్పింది. సొంత ఊరి మనిషి ఆ రోజు పక్కనుంది కాబట్టి సరిపోయింది. ఒంటరిగా వచ్చినవాళ్ల సంగతేమిటి?

నేను కూడా మా ఆయన పేరు ఏనాడూ నోటితో అనలేదు. మరి ఈ సంగతి నాకెందుకు తట్టలేదని తిరుగు బస్సులో ఆలోచించాను. బడిలో, బ్యాంకులో, పెన్షన్ కాగితాల్లో ఆ పేరు కొన్ని వందల సార్లు నా చేత్తో రాసి ఉంటాను. రాయడానికి నోరు తెరవక్కర్లేదు. రాయడం రాని ఆమె ఆ పేరును పదిమందిలో పైకి అనాలి. నేను కట్టిన పెట్టె చదువుకున్న ఆడదాన్ని ఒక ప్రశ్న, చదువుకోని ఆమెను ఇంకొక ప్రశ్న అడుగుతోంది. మాటలు ఒకటే అయినా అడిగేది వేరు.

ఇంటికొచ్చి ఆ పెట్టె తీసేసి కొత్తది కట్టాను. “ఇంట్లో ఎవరిదైనా ఒక పేరు” అని పైన రాశాను. కింద కొడుకు, బిడ్డ, అన్న లేదా తమ్ముడు, చివర భర్త. ఏ ఒక్కటి నింపినా చాలు. తర్వాత రెండో పెట్టె పెట్టాను. అదే ఊరు, అదే పేరు ఇంతకు ముందే పట్టీలో ఉంటే అది తెరుచుకుని వాళ్లందరినీ ఇంటివాళ్ల పేర్లతో సహా చూపిస్తుంది. “వీరిలో ఒకరా? కొత్తవారా?” అని అడుగుతుంది. ఇక్కడ ఎంటర్ కొడితే ఏ బటనూ పడకూడదు. చదివి, ఎంచుకుని, నొక్కాలి. దానికోసం కామారెడ్డి సెంటర్‌లో మా మాస్టారితో రెండు పూటలు వాదించాను. బటన్లలో ఒకటి సిద్ధంగా ఉండి తీరాలని ఆయన, ఉండకూడదని నేను. చివరికి కంప్యూటర్ చూపు మొదట బటన్ల మీద కాక పేర్ల పట్టీ మీద నిలిచేలా రాస్తే నా మాటే నెగ్గింది. “మీ దగ్గర చదువుకున్న పిల్లలు బతికిండ్రా మేడం?” అన్నారాయన.

దేవుడి పేరుతో ఉన్న రికార్డులను, ఆ ఆడవాళ్లు మళ్లీ వచ్చినప్పుడల్లా కౌంటరామె ఒక్కొక్కటే సరిచేసింది.

మార్చిలో డాక్టరు తన మాట మీదే నిలబడింది. సిటీ ఆయన్ను కూడా పిలిచింది. రమ్మన్నది వారం సంత జరిగే అంగడి రోజున. ఆ రోజు క్లినిక్ వసారాలో నిలబడటానికి చోటుండదు. ముందు ఆయన ప్యాకేజీ, తర్వాత నాది. ఏది నడిస్తే అది ఉంటుంది.

ఆయన ప్యాకేజీ చూడటానికి చాలా బాగుంది. రంగులున్నాయి, బొమ్మలున్నాయి. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు చకచకా అయిపోయారు. తర్వాత అత్తాకోడళ్లు వచ్చారు. తెర నడుమ ఎర్ర గుర్తుతో పెట్టె తెరుచుకుంది. భర్త పేరు రాయకపోతే కుదరదని ఇంగ్లీషులో చెప్పింది. కౌంటరామె నా వైపు చూసి, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మీ హస్బెండ్ పేరు చెప్పండమ్మా,” అన్నాడాయన కోడలితో, ఎంతో మర్యాదగా.

కోడలు తల వంచుకుంది. అత్త ముందుకొచ్చింది.

“నా ముంగట నా కొడుకు పేరు వెట్టి అంటదా? గట్లడుగుతవేందయ్యా?”

“అయితే మీరు చెప్పండి.”

“నేను జెప్త. నేను గన్న.” చెప్పింది. కోడలి పని అయింది.

“ఇప్పుడు మీది. మీ ఆయన పేరు?”

“నువ్వు మందులియ్య అచ్చినవా, సంబంధం మాట్లాడ అచ్చినవా?”

ఆయన కాన్సిల్ నొక్కాడు. అప్పటిదాకా కొట్టిన ఊరు, వయసు, అన్నీ పోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే పెట్టె. వెనక లైను మెట్లు దిగి రోడ్డు మీదికి చేరింది. ఎండలో పిల్లలు ఏడుస్తున్నారు. ఎవరో “ఇంకెంతసేపు?” అని అరిచారు. లోపలి గదిలోంచి డాక్టరు బయటికి వచ్చి లైను చూసింది, తెర చూసింది.

“పెద్దమ్మా, నీది వెట్టు.”

పెట్టాను. కౌంటరామె కుర్చీ ముందుకు జరుపుకుంది. ఎదురుగా ఇంకా అదే అత్త.

“ఇంట్ల ఎవలిదన్న ఒక్క పేరు జెప్పవ్వా.”

“పెద్దకొడుకుది జెప్పనా?”

“జెప్పు.”

రెండో పెట్టె తెరుచుకుంది. అదే ఊరి నుంచి అదే పేరుతో ఇంకొకామె పట్టీలో ఉంది. కౌంటరామె అలవాటుగా ఎంటర్ కొట్టింది. పెట్టె కదలలేదు. అప్పుడు చదివింది. కొడుకు పేరు కూడా అదే, పక్కన ‘దుబాయి’ అని ఆమే ఎప్పుడో రాసి పెట్టుకుంది.

“నీ కొడుకు కౌలుకు చేస్తడా, దుబాయిల ఉంటడా అవ్వా? దుబాయి కొడుకుతోని ఒకామె ఉన్నది ఇండ్ల.”

“ఆమె మా ఎనుక గల్లీలుంటది. ఆమెకు షుగరు. నాకు ఒట్టి జరమే.”

“కొత్తవారు” నొక్కింది. జ్వరం మనిషికి షుగరు చీటీ పోవాల్సింది, పోలేదు. ఆ ఒక్క పనికే ఆ పెట్టెను కట్టాను.

మధ్యాహ్నం బస్సు వేళకు వసారా ఖాళీ అయింది. ఒక్క ఆడమనిషి కూడా భర్త పేరు చెప్పలేదు. ఒక్క దేవుడూ పట్టీలోకి ఎక్కలేదు. సిటీ ఆయన అంతసేపూ నా వెనకే నిలబడి చూశాడు.

“ఇది ఏ కంపెనీది మేడం?” అన్నాడు డాక్టరుతో.

జవాబు కౌంటరామె చెప్పింది. “కంపెనీది గాదు సార్. మా టీచరమ్మది.”

ఆయన నా వైపు తిరిగి, ఆ రెండో పెట్టె మళ్లీ ఒకసారి తెరిచి చూపించమన్నాడు. చూపించాను. ఎంటర్ రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు. డాక్టరు ఆయన సీడీని కవరులో పెట్టి ఆయన చేతికిచ్చి, చాయ్ తాగి పొమ్మంది.

2014 ఎండాకాలంలో క్లినిక్‌కు కొత్త కంప్యూటర్ కొన్నారు. ఏ ప్రోగ్రాం వేద్దామని అక్కడ ఎవరూ మాట్లాడుకోలేదు. డాక్టరు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది, “పెద్దమ్మా, ఎప్పుడొస్తవ్?” మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వెళ్లాను. కొత్త తెర వెడల్పు 1366. అందులోంచి 320 తీసి సగం చేస్తే 523. పాత అంకె చెరిపి దాన్ని రాశాను. పెట్టె నడుమన నిలబడింది. తలుపు దగ్గర అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు చెప్పులు విడిచి లోపలికి వస్తున్నారు.