డ్యూకు మారతాడని నమ్మిన పిల్ల

రెండు వందల ఏళ్ల కిందటి లండన్‌ను నేను బొమ్మసంద్రకు వెళ్లే కంపెనీ బస్సులో కూర్చుని, ఫోనులో రాశాను. సీరియళ్లు వేసే ఒక యాప్‌లో, మారుపేరుతో. అందులో డ్యూకు పెద్ద జమీందారులాంటివాడు. జూదమాడతాడు, ఆడవాళ్లను నవ్వించి వదిలేస్తాడు, అబద్ధం చెప్పే ముందు చొక్కా చేతి గుండీలు సవరించుకుంటాడు. పల్లెటూరి పాదిరిగారి కూతురు లోకం తెలియక అతన్ని నమ్ముతుంది. ముద్దులున్న కథ ఇంటి కోడలు రాస్తోందని తెలిస్తే ఏమవుతుందోనని నా ఫోను ఎప్పుడూ బోర్లా పెట్టేదాన్ని.

ఒక శనివారం మధ్యాహ్నం బళేపేటలో మా గాజుల అంగడికి అత్తకు క్యారియర్ తీసుకెళ్లాను. అత్త తెలుగు మాట్లాడుతుందిగాని, చదవడం కన్నడమే వచ్చు. అందుకని ఏదో తెలుగు కథను యాప్ చేతే చదివించుకుంటోంది. "అతని వేళ్లు ఆమె చేతి తొడుగును మెల్లగా జార్చాయి" అంటోంది ఫోనులోని ఆడగొంతు. అది నా వాక్యం.

"ఈ పిల్ల చూడు, వాడు మారతాడని కాసుకోని ఉండాది," అంది అత్త.

"కథ కదత్తా. మారతాడేమో."

"మీ మామ మారినాడా?"

మామ పోయి ఆరేళ్లు. ఆయన గుర్రప్పందేలు, సిల్కు చొక్కాలు, దొడ్డబళ్ళాపురంలో ఎవరో ఉన్నారన్న మాట, అన్నీ బంధువులు నవ్వుతూ చెప్పగా విన్నవే. ఆ నవ్వుల్లో అత్త ఎన్నడూ కలవలేదని అప్పుడు తట్టింది.

"పదారేండ్లకు వచ్చినా ఈ ఇంటికి. నేడు మారతాడు, రేపు మారతాడని నలభై ఏండ్లు చూసినా."

తరువాతి భాగంలో పెళ్లి. రాసిపెట్టేశాను కూడా. సోమవారం బస్సులో దాన్ని తీసేసి, ఆ పిల్ల చేత ఉంగరం వెనక్కి ఇప్పించాను. మారితే ఏడాది తరువాత రమ్మని డ్యూకుతో అంది. పాఠకులు తిట్టారు. నాకు వాళ్ల భయం లేదు, అత్త వినే శనివారమంటేనే భయం.

ఆ శనివారం అత్త భాగమంతా విని ఫోను ఆపింది.

"మంచి పని చేసినావు," అంది.

"ఎట్లా తెలిసిందత్తా?"

"అబద్ధం చెప్పే ముందర చొక్కా చేతి గుండీలు సవరించుకునేది మీ మామ ఒక్కడే. నీకు నేనే కదా చెప్పింది."

"ఇంట్లో చెప్తావా?"

"నేనేం చెప్పను. నువ్వే చెప్పు."

ఆ ఆదివారం మా ఆయనకు చెప్పాను. మూడో రోజు అతను, డ్యూకు తన తండ్రేనా అని అడిగాడు. "కొంచెం," అన్నాను.