చువ్వల సందులోంచి వచ్చిన చెయ్యి

పట్నం జూలో చింపాంజీ ఉండే పాత గదిని పడగొట్టేశారని నాకు మొదట చెప్పింది మా చిన్న ఆడబిడ్డ. మనవడికి జూ చూపించడానికి పోయి, అక్కడి నుంచే ఫోను చేసింది. "వదినా, ఇప్పుడా కటకటాలు లేవు. చుట్టూ నీళ్ల కాలవ, మధ్యలో చెట్లు. అర్ధగంట నిలబడినా చింపాంజీ యాడుండాదో కనపడనే లేదు," అని నవ్వింది. దేవుడి దయ అనుకున్నాను. ఎవరికీ కనపడకుండా ఉండగలగడం కూడా ఒక వరమే. ఫోను పెట్టేశాక మాత్రం ఆ పాత గదే కళ్ల ముందు నిలబడింది, దాని ముందు మా మేనత్తతో సహా.

మాది మైదుకూరు దగ్గర మగ్గాల ఇల్లు. అత్త మా నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. అమ్మ లేని నన్ను పెంచింది. నన్ను బడికి పంపకపోతే, మగ్గం పక్కన నేల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించింది. ఇంట్లో శుభకార్యం అంటే అత్త ముందుకు రాకూడదు. వంటింటికీ నడవకూ మధ్య ఇనుప చువ్వల కిటికీ ఒకటుండేది. ఆ సందులోంచే టీ గ్లాసులు ఒక్కొక్కటే అందించేది, ఖాళీవి అందులోంచే తీసుకునేది. వచ్చిన చుట్టాల్లో చాలామందికి ఆమె చెయ్యి మాత్రమే తెలుసు.

నా పెళ్లి కుదిరిన ఏడు, నాయన పట్నంలో చీరల ప్రదర్శనకు పోతూ, మడతలు పెట్టడానికి మా ఇద్దరినీ వెంట తీసుకుపోయాడు. పట్నంలో మనిషంత ఆంజనేయస్వామి ఉన్నాడనీ, కూర్చుని టీ తాగుతాడనీ పక్కింటామె అత్తకు చెప్పి పంపింది. అత్త నమ్మింది. మా వైపు తమలపాకు తోటలకు కొదవ లేదు. ఆకుపూజకు కట్టినట్టే మాల కట్టి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ప్రదర్శన పని అయ్యాక జూకు పోయాం. ఆ గది నాకింకా గుర్తే. స్నానాల గదికి వేసినట్టు తెల్లని పలకలు, ఫినాయిలు వాసన, గొలుసుకు వేలాడే టైరు, ఒక సిమెంటు అరుగు. ముందంతా ఆకుపచ్చ రంగు చువ్వలు. జనం ఈలలు వేస్తూ శెనక్కాయలు విసురుతున్నారు. మాకూ సంబరంగానే ఉండింది. ఊపిరి తగిలేంత దగ్గర! దాని గోళ్లు అచ్చం మన గోళ్లే.

అత్త చెప్పులు విడిచి, ఆకుమాలను చువ్వలకు కట్టబోయింది.

"అమ్మా, అమ్మా, ఆకులొద్దు. ఆయన చాయ్ తాగుతడు," అన్నాడు కాపలాదారు.

"ఏమప్పా, శనివారం పూట కూడా చాయేనా సామికి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాయన తల కొట్టుకున్నాడు. "అక్కా, కోతికి మొక్కేదానికి ఇంత దూరం రావల్నా? మన మిద్దెల మింద లేవా?"

"అవి తిరుగుతాండాయి కదరా. వాటికి నా మొక్కెందుకు?"

కాపలాదారు స్టీలు గ్లాసులో టీ పోసి లోపలికి అందించాడు. చింపాంజీ తాగింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరూ అడక్కుండానే అది ఖాళీ గ్లాసును చువ్వల సందులోంచి బయటికి చాచి, తీసుకునేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.

అత్త మాలను మళ్లీ గుడ్డలో చుట్టేసింది. తిరుగు బస్సులో కర్నూలు దాటాక ఒక్క మాట అంది. "గ్లాసు ఎట్లా ఇచ్చిందో చూసినావా పాపా?"

ఇంటికి రాగానే నాయనను పట్టుకున్నాను. "నాయనా, నా నెత్తిన మొదట అత్తే అక్షింతలు వెయ్యల్ల."

"నాకు మాత్రం లేదా పాపా ఆశ? మగపిల్లోని తట్టోళ్లు పెళ్లి ఆపి లేచి పోతే ఏం చేస్తావు?"

వంటింట్లోంచి అత్తే అరిచింది. "నా కోసం పెళ్లి చెడగొట్టుకుంటావా? శానా చదువు చెప్పినా నీకు, అదే తప్పు. నోరు మూసుకుని పీట మింద కూర్చో!"

పెళ్లి మా నడవలోనే జరిగింది. వంటింటి తలుపు మూసే ఉంది. తాళి పడ్డాక పెద్దలకు మొక్కమన్నారు. నేను కొంగుముడితో మా ఆయనను కూడా లాక్కుని ఆ కిటికీ దగ్గరికి పోయి తల వంచాను. మా ఆయన ఒక్క క్షణం వెనక్కి చూసి, నా పక్కనే తల వంచాడు. ఆ మంచితనానికి ఈనాటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

చాలాసేపటికి చువ్వల సందులోంచి ఆ చెయ్యి వచ్చింది. గుప్పెట్లో అక్షింతలు. ఎప్పటి నుంచి పట్టుకుని కూర్చుందో, చెమటకు తడిసి పసుపంతా వేళ్లకు అంటుకుంది.

పెళ్లి ఎవరూ ఆపలేదు. తలుపూ ఎవరూ తియ్యలేదు. పోయేదాకా ప్రతి శుభకార్యానికీ అత్త ఆ కిటికీ వెనకే ఉండింది.

నా సంసారం, పిల్లలు, ఈ నాలుగు అక్షరాలు అన్నీ ఆ చేతి చలవే. దీపం పెట్టేటప్పుడు రోజూ భగవంతుడితో ఆ మాట చెప్పుకుంటాను. పాత జూలో టీ తాగిన చింపాంజీ మీకూ గుర్తుండే ఉంటుంది. తలుచుకుని నవ్వుకోండి, తప్పేం లేదు. ఆ వెంటనే మా అత్తను కూడా ఒక్కసారి తలుచుకోండి.