నర్సు కాదన్న తెలుపు

మా మెట్ల కింది గదిలో బట్టలు కుట్టే అమ్మాయికి ఒక కొడుకు. వాణ్ణి నాయనమ్మ వెన్నముద్ద అనేది. ఏడాది దాటినా నిలబడడు, అల్లరి చెయ్యడు. గుడ్డపేలికల మధ్య కూర్చోబెడితే కూర్చున్నట్టే ఉంటాడు. బుద్ధిమంతుడని అందరం మెచ్చుకున్నాం. "ఈ తెలుపు మా ఇంటా వంటా లేదమ్మా!" అని పెద్దావిడ దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చూపించేది.

తల్లి మాత్రం మిషను మీదే కునికేది. ఓసారి మా ఆయన చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టింది. ఆయన మీటింగులో ఎత్తిన చెయ్యి చంక దగ్గర మెలిపడి దిగనంది. ఏదో అడుగుతాడు కాబోలని పై అధికారి మాట ఆపేసి ఎదురుచూశాడట.

పోట్లాడదామని కిందికి దిగాను. ఆ పిల్ల మిషను మీద తల ఆన్చి ఆయాసపడుతోంది.

"కళ్ళు తిరుగుతున్నాయక్కా."

"ఏమన్నా తిన్నావా?"

"టీ తాగా. అందరిదీ అయ్యాక తింటాలే."

తెచ్చుకున్న కోపం దిగమింగి, తల్లినీ బిడ్డనీ వీధి చివరి ఆరోగ్యకేంద్రానికి లాక్కెళ్ళాను. మనవడి అందం నర్సుకి చూపించాలని పెద్దావిడా బయలుదేరింది.

నర్సు వాడి కింది కనురెప్ప లాగి చూసింది. వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేసింది.

"ఎంత తెల్లగా ఉన్నాడో చూశావా?" అంది పెద్దావిడ.

"తెలుపు కాదు పెద్దమ్మా, పాలిపోయాడు. ఒంట్లో రక్తం తక్కువ. ఇలాగే వదిలేస్తే నడకా మాటా అన్నీ వెనకబడతాయి." తర్వాత తల్లి కన్నూ చూసింది. "ఇక్కడా ఇంతే. కడుపుతో ఉన్నప్పుడు ఐరన్ మాత్రలు వేసుకోలేదా?"

ఆ పిల్ల అత్తగారి వైపు చూసింది. పెద్దావిడే గొణిగింది. "నేనే వద్దన్నా. అవి మింగితే బిడ్డ నల్లగా పుడతాడన్నారు."

"మాత్రలకి రంగులెయ్యడం రాదు పెద్దమ్మా! తల్లి ఒంట్లో ఐరన్ ఉంటేనే కదా కడుపులో బిడ్డ దాచుకునేది? ఇప్పుడు ఇద్దరికీ మందివ్వాలి. వాడికి పాలొక్కటే చాలవు. పప్పూ ఆకుకూరా గుడ్డూ మెత్తగా చేసి పెట్టండి. అమ్మాయీ, నువ్వు భోజనంతో టీ తాగకు, ఐరన్ ఒంటబట్టదు."

పెద్దావిడ ఇంటికి రాగానే కోడలి ముందు కంచం పెట్టింది.

"మీరు తినకుండానా అత్తయ్యా?"

"నేనిప్పుడు ఎవర్ని కనాలే? నువ్వు తిను!"

మందు పోస్తే మనవడు ఆవిడ మొహం మీదే ఉమ్మేవాడు. తుడుచుకుని మళ్ళీ పోసేది. వాడికి విరేచనం నల్లగా అవుతోందని నేను కంగారుపడితే, "మందుకి అలాగే అవుతుందని నర్సు చెప్పిందిలే. ఉన్న నలుపంతా అటే పోతోంది!" అని నవ్వింది.

"మా అమ్మ కూడా నాకింతలా కొసరి పెట్టలేదక్కా," అంది కోడలు నాతో, కళ్ళు తుడుచుకుంటూ.

కొన్ని నెలలకి మళ్ళీ పరీక్షకి వెళ్ళాం. తల్లి బుగ్గల్లో రంగొచ్చింది. నర్సు సూది తియ్యగానే వాడు ఒళ్ళోంచి జారి, కుర్చీల మధ్య నుంచి వరండాలోకి పరుగు. తల్లి నర్సుకి దండం పెట్టింది. నర్సు వాడి వెంటపడబోతే పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండమ్మా, నీకు పుణ్యముంటుంది. కాసేపు పరిగెత్తనీ."