లోతు వైపు మెట్లకు కచ్చాకుట్టు

ఆదివారం పొద్దున మా వదినను ఈతకొలనులోంచి పైకి లాగడానికి మా అన్నయ్య చెయ్యి అందించాడు. ఆవిడ పైకి రాలేదు. ఆయన లోపలికి వెళ్ళాడు. కళ్ళద్దాలు, చేతి గడియారం, చంకలో ఉన్న దినపత్రిక కూడా ఆయనతోనే వెళ్ళాయి. ఆయనకు ఈత రాదు కాబట్టి వదినే చొక్కా కాలరు పట్టుకుని, పిల్లి తన కూనను తెచ్చినట్టు, తక్కువ లోతున్న వైపుకు చేర్చింది. అక్కడ మెట్లున్నాయి. ఆయన నడిచి పైకొచ్చి, పత్రికను పిండి, దండెం మీద ఆరేసి, ఇంట్లోకి వెళ్ళిపోయాడు. పత్రిక సాయంత్రానికి ఆరింది. ఆయన కోపం చల్లారలేదు.

మా వదిన టైలరు. ఇంటి ముందు గదిలో కొట్టు. కుట్టుమిషను తొక్కీ తొక్కీ ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ముందు గది పెద్దదని ఈ పాత ఇల్లు కొంటే, ఆవుతో పాటు తాడు వచ్చినట్టు వెనక పెరట్లో కొలను కూడా వచ్చింది. డాక్టరు ఈత కొట్టమన్నాడు. ఈత బట్టలు ఆవిడే కుట్టుకుంది. వాటికి జేబు కూడా పెట్టుకుంది, ఎందుకో ఎవరూ అడగలేదు.

తక్కువ లోతు ఆవిడకు గిట్టదు. కాలు నేలకు తగిలితే మోకాలు కలుక్కుమంటుంది. "కాళ్ళు అందని చోటే నా మోకాళ్ళకి సెలవు" అంటుంది. అందుకని ఎప్పుడూ లోతు వైపే ఉంటుంది. చిక్కేమిటంటే ఆ వైపు మెట్లు లేవు. ఉన్నదల్లా నున్నటి గట్టు. అలిసిపోయినా, పిక్క పట్టేసినా మళ్ళీ ఈ చివరికి ఈదుకు రావాల్సిందే. ఆమధ్య ఒకసారి అలాగే పట్టేస్తే, గట్టు పట్టుకుని వేలాడుతూ కేకలేసింది. కొట్టులో పనివాళ్ళు తొక్కే మిషన్ల చప్పుడుకి ఎవరికీ వినపడలేదు. ఎవరో చొక్కా కొలతలివ్వడానికొచ్చి, ఆవిడ కనపడక పెరట్లోకి వచ్చి చూశారు కాబట్టి సరిపోయింది.

ఆ భయం, ఈ స్నానం రెండూ కలిసి అన్నయ్య తేల్చి చెప్పేశాడు.

"లోతు వైపు మట్టి పోసి పూడ్పించేస్తున్నా. అంతా నడుం లోతు చేసేస్తా. నడుచుకో."

"నడవలేకనే కదండీ ఈదుతోంది!"

"అయితే ఈదకు."

"తలుపు లేదని ఇల్లు కూలగొట్టుకుంటారా ఎవరైనా? పూడ్చే ముందు అక్కడ బయటికో దారి పెట్టించండి. కుదరకపోతే మీ ఇష్టం."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను దండెం మీది పత్రిక చదువుతున్నాను.

"సరే, ఒక్కసారి చూద్దాం. కుదరకపోతే మట్టే" అన్నాడు.

కొలనులు కట్టే కాంట్రాక్టరు వచ్చాడు. ఎక్కాల్సింది వదిన, మాట్లాడింది అన్నయ్యతో. వదిన అక్కడే, అతని చూపుకి అడ్డంగానే నిలబడి ఉంది.

"మేడమ్‌గారికి స్టీలు నిచ్చెన పెట్టేద్దాం సార్. తళతళలాడుతుంది."

"నిచ్చెన నిటారుగా ఉంటుంది కదా, నా మోకాళ్ళు..." అంది వదిన.

"మేడమ్‌గారికి చెప్పండి సార్, అందరూ అదే పెట్టించుకుంటున్నారు."

నీళ్ళు తోడించి నిచ్చెన బిగించారు. ఎండిన కొలనులో అన్నయ్య చెప్పులతో సహా దిగి, ఎక్కి, మళ్ళీ దిగి, "బ్రహ్మాండం" అన్నాడు. నీళ్ళు నింపారు. వదిన ఈదుకుంటూ వెళ్ళి నిచ్చెన పట్టుకుంది. నీళ్ళలో మనిషి నిటారుగా ఎక్కడుంటుంది? కాళ్ళు నిచ్చెన కిందికి జారిపోయాయి, నడుం వెనక్కి వేలాడింది, మోకాలు పోయి గోడకు కొట్టుకుంది. ఎలాగో పై మెట్టు దాకా వచ్చేసరికి అసలు కష్టం మొదలైంది. నీళ్ళలో లేని బరువంతా అక్కడ ఒక్కసారిగా మీదికొచ్చింది. సరిగ్గా అక్కడే పట్టుకునే కడ్డీలు అయిపోయాయి. చెయ్యి చాచితే దొరికింది గాలి. ఆవిడ మళ్ళీ నీళ్ళలో పడింది. పడుతూ ఆ నిచ్చెనను ఏమందో అచ్చులో బాగుండదు.

"నేను ఎక్కానుగా!" అన్నాడు అన్నయ్య.

"మీరు ఎండలో ఎక్కారు. నేను నీళ్ళలో ఎక్కాలి."

కాంట్రాక్టరు తల గోక్కుంటూ, "మేడమ్‌గారిని కాస్త ఒళ్ళు తగ్గించమనండి సార్" అన్నాడు.

వదినకు చిర్రెత్తుకొచ్చింది. "ఇదిగో బాబూ, ఒంటి మీద వేసి చూడకుండా చొక్కా కుట్టేసి, పట్టకపోతే ఒళ్ళు తగ్గించుకోమంటే నువ్వు ఊరుకుంటావా? ముందు వదులుగా కచ్చాకుట్టు వేసి చూడనిదే నేను రుమాలు కూడా కుట్టను. నువ్వు స్టీలుతో నేరుగా పక్కాకుట్టే వేసేశావు!"

అన్నయ్య మాత్రం, "రేపు మట్టి లారీకి చెప్తాను" అన్నాడు.

ఆ రేపు ఒకటే మిగిలింది వదినకు. మెట్లకూ కచ్చాకుట్టు వేసి చూద్దామని, తెల్లారగానే కొట్టులో ఉన్న చెక్క స్టూళ్ళు కొలనులో దింపించింది. అవి హాయిగా తేలాయి. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. "స్టూళ్ళకి కూడా నాకంటే బాగా ఈతొచ్చింది" అంది. తర్వాత బట్టల తానులు పెట్టే పాత ఇనుప అరల బీరువా గుర్తొచ్చింది. తలుపులు ఊడదీయించి, దాన్ని నేనూ అన్నయ్యా తాళ్ళతో లోతు మూలలో నిలబెట్టాం. తాడు చేతులు కోస్తుంటే అన్నయ్య సణుగుతూనే ఉన్నాడు. "మట్టి లారీ అయితే ఈపాటికి వచ్చేసేది" అని నాతో అన్నాడు, వదినకు వినపడేంత మెల్లగా.

బీరువా నెత్తి నీటికి జానెడు కిందుంది. స్టూళ్ళు తేలకుండా పాత ఇస్త్రీ పెట్టెలు కట్టి, దాని మీద పెట్టించి ఆవిడ ఎక్కి చూసింది, జారింది, తిట్టింది, మళ్ళీ ఎక్కింది. గుర్తు పెట్టడానికి టైలరు సుద్ద తెస్తే కరిగిపోయింది. చివరికి ఎర్ర గుడ్డపీలికలు కట్టించింది. బీరువా నెత్తి కూర్చోడానికి మరీ పైకుందని ఓ అర కిందికి లెక్క వేసింది. మధ్యాహ్నానికి మా ఇద్దరికీ నడుములు పడిపోయాయి. ఆవిడకు మాత్రం కొలతలు దొరికాయి.

నిచ్చెన ఊడదీయడానికి వచ్చిన కాంట్రాక్టరుకు, తడి బట్టలతో, మెడలో టేపుతో ఆ కొలతలు అప్పజెప్పింది.

"ఈ మూలలో నీళ్ళలోనే ఓ అరుగు కట్టు. అలిసిపోతే ముందు కూలబడాలి, ఎక్కడం తర్వాత సంగతి. అరుగు మీంచి పైకి పొట్టి పొట్టి మెట్లు, అన్నీ ఒకే ఎత్తు. ఒక్కోదాని మీద రెండు పాదాలూ పూర్తిగా పట్టాలి. అంచులకి నల్ల పలకలు, లేకపోతే నీళ్ళలో కనపడవు. కడ్డీలు రెండు వైపులా కావాలి. గట్టు దగ్గర ఆపెయ్యకు, గట్టు దాటి నేను నేల మీద నిలదొక్కుకునే దాకా రావాలి."

కాంట్రాక్టరు అలవాటుగా, "మరి సార్..." అని అన్నయ్య వైపు తిరిగాడు.

నడుం పట్టుకుని కూర్చున్న అన్నయ్య చిరాగ్గా చెయ్యి ఊపాడు. "నన్ను చూస్తావేంటయ్యా? కొలతలు ఆవిడవి. కట్టు."

కట్టాడు. వదిన ఈదుకుంటూ వెళ్ళి అరుగు మీద కూర్చుంది. ఊపిరి తీసుకుంది. లేచి కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, పొడి నేల మీద నిలబడింది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు, ఎవరూ లోపలికి వెళ్ళలేదు. మట్టి లారీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు వచ్చిన గొడవల్లా ఒకటే. పొద్దున్నే దిగితే ఆవిడ ఆ మూల అరుగు మీదే, మెడ దాకా నీళ్ళలో, కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. కొట్టు తెరిచే వేళ దాటిపోతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకు అన్నయ్యే కాఫీలు పెట్టివ్వాల్సి వస్తోంది. నిన్న ఆయనకు ఒళ్ళు మండి, ఈసారి గట్టుకు బాగా దూరంగా నిలబడి అరిచాడు.

"బయటికి రావడానికి కదే ఇదంతా కట్టించింది! కట్టించాక నువ్వసలు బయటికే రావడం లేదేంటే?"

వదిన కళ్ళు కూడా తెరవలేదు.

"ఎప్పుడంటే అప్పుడు రాగలను కదండీ, ఇంక తొందరేముంది?"