ఆనకుండ ముందు చెప్పిన మాటలు

“ఇంట్ల కొత్త పెట్టకముందే పందిరి చిక్కుళ్లు ఎట్ల తెంపినవే?”

“తెంపొద్దని నాకెవరు చెప్పిండ్రు అవ్వా? చెప్పేటియన్ని నువ్వు ఆ కుండకే చెప్తివి. మాకేం చెప్పినవ్?”

“రేపు భద్రాచలంల మైకు పట్టుకొని కోయోళ్లమని మాట్లాడబోతవ్. ఇంట్ల పద్ధతి తెల్వదా?”

“తెల్వదు. గది నా తప్పా, నీ తప్పా?”

మనవరాలు చేటెడు చిక్కుళ్లు ఈనెలు తీసి, కడిగి, మూకుట్లో నూనె కూడా పోసింది. నేను పొయ్యిలో కట్టె వెనక్కి లాగాను. నూనె ఇంకా కాగలేదు, మళ్లీ సీసాలోకి వంచాను. ఆ పూట చింతపండు తొక్కుతో తిన్నాం.

మా పల్లె దుమ్ముగూడెం దాటాక అడవి మొదట్లో ఉంటుంది. మాలో ఏ పంట చేతికొచ్చినా ముందు పెద్దలకు పెట్టాకే నోట్లో పెట్టుకుంటాం. దాన్ని కొత్త పెట్టడం అంటాం. మా పెద్దలు ఉండేది వంటింటి మూలనున్న కుండలో. అదే ఆనకుండ. ఊళ్లో చిక్కుడు కొత్త వారం కిందటే అయింది. అప్పుడు నేను మోకాళ్ల నొప్పికి ఇల్లందులో కొడుకు ఇంట్లో ఉండి దవాఖానాకు తిరుగుతున్నాను. అందుకే మా ఇంట్లో కొత్త కాలేదు. తిరిగొచ్చి చూస్తే కాయ ముదురుతోంది. ముదిరితే ముదరనీ, కొత్త పెట్టేదాకా వద్దని ఒక్కటీ తెంపలేదు.

ఈ పిల్ల ఆ కొడుకు కూతురే. ఖమ్మంలో ఖానాపురం హవేలి వైపు గది కిరాయికి తీసుకొని, ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. రెండేళ్లుగా మా కోయ పిల్లల సంఘంలో తిరుగుతోంది. చిన్న తరగతుల్లో మా పిల్లలకు మా మాటలోనే పాఠం చెప్పాలని వాళ్లు అడుగుతున్నారు. అడిగేది న్యాయమే. చిక్కల్లా ఈ పిల్లకే ఆ మాట రాదు. కిందటి సభలో ఒక ముసలామె లేచి, మీది ఏ గట్టు అని కోయలో అడిగిందట. గట్టు అంటే మా వంశాల వరస. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరింటి పిల్లను ఎవరింటికి ఇవ్వొచ్చో అన్నీ దాన్నిబట్టే. మాలో మొదట అడిగే మాటే అది. ఈ పిల్లకు అడిగిందే అర్థం కాలేదు. జనం నవ్వారు. సగంలో ఆపేసి కూర్చుంది. ఈసారి కూడా కూర్చోవలసి వస్తే సంఘం మానేస్తానని చెప్పింది. ఏడుస్తూ చెప్పలేదు. సెలవు చీటీ చదివినట్టు చెప్పింది.

అందుకే సభకు ముందురోజు నా దగ్గరికి వచ్చింది. ఫోనులో ఎవరివో మాటలు విని, తెలుగు అక్షరాల్లో రెండు పేజీలు రాసుకుంది. చదివి వినిపించింది. నాకు నవ్వొచ్చింది. ఆ మాట మాది కాదు, గుట్టల అవతలివాళ్లది. అర్థమవుతుంది కానీ మా ఇంట్లో ఎవరూ అట్లా అనరు. ఏ ఊరి నుంచో వచ్చిన కోడలు మాట్లాడినట్టుందే అన్నాను. ఆ నవ్వుకే దానికి కోపం వచ్చింది. చిక్కుళ్ల మీద తగాదా తర్వాత వచ్చింది.

తప్పు ఎవరిదని అది అడిగింది కాబట్టి చెబుతున్నాను. తప్పు నాదే.

నేను చదివింది మూడో తరగతి. బడిలో కోయ మాట్లాడితే బయట ఎండలో నిలబెట్టేవాళ్లు. దానికి నేను బాధపడలేదు. ఎండ మాకు కొత్త కాదు. కానీ నా కొడుకును బడిలో వేసినప్పుడు వాడు ఏడాదంతా నోరు తెరవలేదు. పంతులు మంచివాడే. ఒకరోజు ఇంటికి వచ్చి, పిల్లాడికి బుర్ర లేదమ్మా, మేకల వెంట పంపుకో అన్నాడు. వాడికి బుర్ర లేక కాదు, పంతులు మాట తెలియక. అది పంతులుకు తెలియలేదు, చెప్పడానికి నాకు తెలుగు చాలలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో కోయ బంద్ చేశాను. నాకొచ్చిన తెలుగు ముక్కలే వాడితో మాట్లాడాను. వాడు కోయలో అన్నం అడిగితే నా చేతిలో గిన్నె కదిలేది కాదు. తెలుగులో అడిగేదాకా పట్టుకునే కూర్చునేదాన్ని. మా ఆయన తిట్టాడు. పసివాణ్ని మాట కోసం పస్తు పెడతావా అన్నాడు. రెండు పూటలు వాడు తినకుండా పడుకున్నాడు కూడా. మూడోనాడు తెలుగులో అడిగాడు. వాడు పది పాసయ్యాడు, బొగ్గుగనిలో ఉద్యోగం వచ్చింది. కాబట్టి నేను చేసిందంతా తప్పని ఇప్పటికీ అనను.

నేను లెక్క తప్పింది ఇంకోచోట. వాడు నిలదొక్కుకున్నాక మా మాట మళ్లీ ఇద్దాంలే అనుకున్నాను. విత్తనాన్ని బూడిద కలిపి దాచినట్టు దాచాను. దాచడం నాకు బాగా వచ్చు. తీసి చల్లే అదను ఎప్పుడో చూసుకోలేదు. వాడు పట్నం పిల్లను చేసుకున్నాడు. మనవరాలు పుట్టింది. ఆయన పోయాక ఆనకుండకు కొత్త పెట్టే పని నాదైంది. అప్పటినుంచి ఈ ఇంట్లో కోయ వినేది ఆ కుండలోని పెద్దలే. అదీ పెదవుల మీద గొణుగుడే.

సంఘం పిల్లలు మాట పోతే జాతి పోయినట్టే అంటారు. నాకు అంత పెద్ద మాటలు రావు. నా కొడుకు ఆ మాట మరిచిపోయాడు, అయినా వాడు కోయవాడే, గట్టు మారలేదు. కానీ నేను పోతే ఆ కుండతో మాట్లాడేవాళ్లు ఉండరు. ఆ పిల్ల “నీ తప్పా” అన్నప్పుడు నాకు గుచ్చుకుంది ఇదే.

తెల్లారి నేను లేచేసరికి అది కాగితాలు సంచిలో పెట్టుకుంటోంది. స్నానం చేసి రమ్మన్నాను. నిన్న తెంపిన చిక్కుళ్లే ఉప్పేసి ఉడకబెట్టాను. ఆకుదొప్పలో పెట్టి, పిల్లను ఆనకుండ ముందు నా పక్కన కూర్చోబెట్టాను. మాటలు ఈసారి గొణగలేదు. పైకి చెప్పాను. ఇంట్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేం ఫలానా గట్టువాళ్లం, ఇది మా పందిరి కాయ, ముందు మీరు తినండి, తర్వాత మేం తింటాం. అంతే, నాలుగు మాటలు. అది నా వెంట అంది. రెండోదాంట్లో తడబడింది, మళ్లీ అనిపించాను. ఐదుసార్లు అన్నాక కుదిరింది.

తర్వాత కంచం ముందేసుకొని, “అన్నం పెట్టవ్వా, బస్సు పోతది” అంది.

నేను గిన్నె పట్టుకొని కూర్చున్నాను. పెట్టలేదు.

అది నా మొహం చూసింది. వాళ్ల నాయన చెప్పే ఉంటాడు ఆ సంగతి. మాట వెతుక్కొని కోయలో అడిగింది. గుట్టల అవతలి మాటలాగే ఉంది కానీ అడిగింది అన్నమే. పెట్టాను, చిక్కుడు కూర రెండుసార్లు వేశాను. తిని, కాగితాలతో సహా బస్సెక్కింది.

పొద్దెక్కాక ఫోను చేసింది. కాగితం తీయలేదట. మా గట్టు ఏదో, ఆ నాలుగు మాటలేవో కోయలో చెప్పి, మిగతాది తెలుగులో చెప్పిందట.

“ఒకరిద్దరు నవ్విండ్రు అవ్వా. నేను కూసోలే.”

మంచిది, చీకటి పడకముందే బస్సెక్కి రమ్మన్నాను. ఫోను పెట్టేసి, పందిరి మీద మిగిలిన ముదురు కాయలు తెంపి విత్తనానికి ఎండబోశాను.