వండని కూర వాసన

దయ్యం అంటే పకపకా నవ్వే మనిషిని నేను. సర్కారు బడిలో సైన్స్ చెబుతాను. కారణం లేకుండా ఏదీ జరగదని పిల్లలకు రోజూ ఊదరగొట్టే నేనే ఇది రాస్తున్నానంటే నాకే చిరాకుగా ఉంది.

అమ్మకు డయాలసిస్ మొదలయ్యాక తుంగతుర్తి నుంచి సూర్యాపేటకు మారాం. దవాఖానకు దగ్గరగా ఇల్లు కావాలి. టూలెట్ బోర్డు చూసి వెళ్తే ముందు ఇంటిపేరు అడుగుతారు. తర్వాత చర్చికి పోతారా అంటారు. ఆ తర్వాత ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశామంటారు. బోర్డు మాత్రం అట్లాగే వేలాడుతుంటుంది. కడుపు మండిపోయేది.

చివరికి ఒక ఓనరమ్మ మా కులం తెలిసే పై పోర్షన్ ఇచ్చింది. "కిరాయి సంగతి తర్వాత. ఇంట్ల పెద్దకూర మాత్రం వండొద్దు, టీచరమ్మా" అంది. గొడ్డుమాంసం వండనని మాటిచ్చాను, తప్పలేదు. అమ్మ పథ్యం వల్ల మా పొయ్యి మీద ఎప్పుడూ చప్పిడి కూరలే.

ఒక మధ్యాహ్నం వాసన మొదలైంది. ఎండబెట్టిన పెద్దకూర తునకలు చింతచిగురుతో ఉడుకుతున్న వాసన. ముందు అమ్మే పసిగట్టింది.

"ఎవలో మస్తుగ వండుతుండ్రు బిడ్డా" అని మురిసిపోయింది.

కిటికీలు తెరిచాను, గల్లీ అంతా తిరిగొచ్చాను. బయట ఎక్కడా లేదు. మా వంటింట్లోనే ఉంది.

ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. గిన్నెల మూతలన్నీ ఎత్తి చూసింది. పప్పు, అన్నం. పొయ్యి మీద చెయ్యి పెట్టింది, చల్లగా ఉంది.

"మరి గీ వాసన యాడికెల్లి వస్తంది?" అంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. అక్కడ నిప్పూ లేదు, పొగా లేదు. వాసన మాత్రం ఇద్దరికీ వస్తూనే ఉంది.

ఆ తర్వాత రోజూ అదే వరస. వారం తిరక్కుండానే ఖాళీ చెయ్యమంది. కేసు పెట్టమన్నారు తోటి టీచర్లు. లేని కూర మీద ఏమని పెట్టను? ఊరి చివర రెండు గదులు దొరికాయి. డయాలసిస్ అయ్యాక ఆటో కుదుపులకు అమ్మ దారి పొడవునా వాంతులు చేసుకుంటోంది.

మొన్న ఓనరమ్మ ఫోన్ చేసింది. ఇంటికి సున్నం వేయించిందట, పూజ చేయించిందట, సొంత తమ్ముడి కుటుంబాన్నే దింపిందట. వాసన పోలేదు. తమ్ముడు సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు గల్లీ వాళ్లంతా ఈమె వంటింటినే అనుమానిస్తున్నారు.

"మళ్ల మీరే రాండ్రి టీచరమ్మా. మీరుంటే ఆ వాసన మీదే అనుకుంటరు. మా ఇజ్జత్ దక్కుతది."

ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను. అమ్మకు చెప్పాను. "దవాఖాన దగ్గరుంటది గదా, పోదాం బిడ్డా" అంది.

ఆ వాసన ఎక్కడిదో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. ఓనరమ్మకు ఫోన్ చేసినవా అని అమ్మ మాత్రం రోజూ అడుగుతోంది.