లోకనాథానికి దురద లేదు

1926లో నేను ఉప్పు పండించే హుమ్మ ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసేవాణ్ణి. బరంపురంలో ట్రైనింగు పూర్తి చేసి, చదువు చెప్పడంలో ఇక నేను తెలుసుకోవలసిందేమీ లేదన్న ధీమాతో వచ్చి చేరాను. ఆ ధీమా వదలగొట్టినవాడు రెండో తరగతి లోకనాథం.

వాడు ఉప్పు ఆఫీసు బంట్రోతు అప్పలస్వామి కొడుకు. నోరు తెరిస్తే వాగుడుకాయ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రెండింట్లోనూ ఎదుటివాడికి సందివ్వడు. ఏ కథ చెప్పినా ఒక్కసారి విని పొల్లు పోకుండా అప్పజెప్పేవాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం ముచ్చెమటలు పట్టేవి. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ కొత్త చుట్టంలా కనిపించేది.

వీధిలో ఒడియా మాట్లాడటం వల్లే వాడికి చదువు రావడం లేదని మా హెడ్‌మాస్టరుగారు తేల్చారు. ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లేనని ఒడియా పండితుడుగారు తేల్చారు. ఆ రోజుల్లో మా జిల్లాలో ఏ తగువైనా చివరికి ఈ తెలుగు, ఒడియా గొడవ దగ్గరికే చేరేది. నేను రెండు వాచకాలూ వాడి ముందు పెట్టి చూశాను. వాడు ఏ భాషకీ అన్యాయం చెయ్యలేదు. రెండింట్లోనూ ఒక్క ముక్క చదవలేదు.

సెలవులకి బరంపురం వెళ్లినప్పుడు తెలిసిన డాక్టరుగారిని అడిగాను. దాన్ని 'వర్డ్ బ్లైండ్‌నెస్' అంటారని, కళ్లూ తెలివీ బాగానే ఉన్నా కొందరికి అచ్చు మాటలు పట్టుబడవని ఆయన చెప్పారు.

"దీనికి మందేమిటండీ?" అన్నాను.

"పేరు కనిపెట్టారు కదా, మందు కూడా కనిపెడతారు లెండి," అన్నారాయన.

ఈలోగా అప్పలస్వామి గడువు పెట్టేశాడు. "మేస్టారూ, ఈ ఇన్‌స్పెక్షన్‌లో ఆడు గట్టెక్కాల. లేపోతే బడి మాన్పించేసి ఉప్పుమడుల్లోకి దించేస్తాను. ఆడికీ నాకూ గోల ఒదిలిపోతాది."

వాడి నాయనమ్మ నరసమ్మ ఒప్పుకోలేదు. అప్పటికే ఆవిడ మనవడి నాలిక మీద వసకొమ్ము అరగదీసింది, సరస్వతాకు నూరి మింగించింది, చనిపోయిన మొగుడి కళ్లజోడు కూడా పెట్టి చూసింది. చివరికి అసలు లోపం అక్షరాభ్యాసంలో ఉందని కనిపెట్టింది.

"ఆ యేళ వర్జ్యంలో సేసీసినారు మేస్టారూ. మళ్ళీ సేయించాల. మీరే ఏలు పట్టి దిద్దించాల," అంది.

ముందరి పాలపళ్లు ఎప్పుడో ఊడిపోయిన వాణ్ణి పీటమీద కూర్చోబెట్టి, పళ్లెంలో బియ్యం పోసి, రెండోసారి అక్షరాభ్యాసం చేశాం. నవ్వు ఆపుకుంటూ వాడి వేలు పట్టి దిద్దించాను. తర్వాత వాడే దిద్దాడు. బియ్యం చెరిపి మరో అక్షరం రాశాను. దాని మీద వేలు నడిపి పేరు చెప్పాడు. మర్నాడు బడిలో వాచకంలో చూపించి అడిగితే పలక చట్రం మీద వేలు కదుపుతూ ఆ రెండక్షరాలూ చెప్పేశాడు! కళ్లకి దొరకని అక్షరం వాడి వేలికి దొరుకుతోందని నాకప్పుడు అర్థమైంది.

నరసమ్మ ఇంకోలా అర్థం చేసుకుంది. "సూసారా! సరస్వతమ్మ ఏలి మీదికి వచ్చీసినాది!" అంది. కొత్త అక్షరాలకి కొత్త అక్షరాభ్యాసం కావాలంది. పురోహితుడుగారు ఒక్కసారీ కాదనలేదు. పూజ అక్కర్లేదు, వట్టి బియ్యం చాలని నేనంటే, "అమ్మోరికి కోపం రాదేటి?" అని మండిపడింది. చివరికి శుక్రవారం పూజ, తక్కిన రోజులు వట్టి బియ్యం అని రాజీ పడ్డాం. ఊరి చుట్టూ ఉప్పు గుట్టలున్నా దిద్దడానికి అందులో వేలు పెట్టే వీల్లేదు. అది సర్కారువారిది, కాపలా వీడి తండ్రిది. పాఠమయ్యాక ఆ బియ్యమే ఎసట్లోకి పోయేది.

"రాత్రి గుణింతం తిన్నాను మేస్టారూ," అనేవాడు లోకనాథం.

ఇన్‌స్పెక్షన్ రోజున డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఆయనకి 'లుక్ అండ్ సే' పద్ధతి అంటే ప్రాణం. అంటే మాటని కంటితో చూసి గబుక్కున చెప్పెయ్యాలి. పుస్తకం మీద వేలు ఆనిస్తే అది వానాకాలం చదువన్నమాట.

లోకనాథం పేరు పిలిచారు. గుమ్మం దగ్గర అప్పలస్వామి, కిటికీ బయట నరసమ్మ. ఇన్‌స్పెక్టరుగారు బల్ల మీద వాచకం తెరిచి, వాడు వేలు ఆనించబోగానే, "వేలు తియ్యి. చేతులు వెనక్కి కట్టుకుని చదువు," అన్నారు.

వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా ఒక్కొక్క మాటే చదవడం మొదలుపెట్టాడు. నేను వెనకనుంచి చూశాను. వాడి వేలు కొత్త చొక్కా మీద, సొంత వీపు మీద, అక్షరాలు దిద్దుతోంది!

ఇన్‌స్పెక్టరుగారికి మాత్రం వాడి భుజం మెలికలు తిరగడమే కనిపించింది. "ఏమిట్రా అది, దురదా?"

"కాదండి."

"అయితే కదలకుండా చదువు."

వేలు ఆగింది. మాట మధ్యలో చదువూ ఆగింది. అప్పలస్వామి తల దించుకున్నాడు. నేను సంజాయిషీకి నోరు తెరిచేలోగా కిటికీలోంచి నరసమ్మ కేకేసింది.

"బాబూ! దొరబాబూ! ఆడ్ని గోక్కోనీండి బాబూ! గోక్కుంతేనే సదువుతాడు!"

ఇన్‌స్పెక్టరుగారు ఒక్క గెంతులో వెనక్కి జరిగి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "గజ్జి కాబోలు! సరే, అక్కడే నిలబడి గోక్కుంటూ చదవమనండి," అన్నారు.

వాడు హాయిగా పేజీ చివరిదాకా చదివాడు. అప్పలస్వామి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రిపోర్టులో మాత్రం 'బాగా చదివాడు. పాస్. గజ్జి ఉంది, గంధకం రాయించాలి' అని పడింది. నేను కాదనలేదు. ఆ రూల్సులో వేలికి చోటు లేదు, గజ్జికి ఉంది. దొరగారి ఆజ్ఞ కాబట్టి నరసమ్మ వారంరోజులు వాడికి గంధకం పట్టించింది.

చదువు కంట్లోంచే లోపలికి పోవాలన్నది మనం పెట్టుకున్న రూలు. పిల్లలకి ఆ సంగతి తెలియదు. ఏ దారి తెరిచి ఉంటే ఆ దారిన తీసుకుంటారు. ఆ తర్వాత నా తరగతిలో ఇలాంటివాళ్లు ఏటా ఒకరిద్దరు తగిలేవారు. అందరికీ బియ్యంలోనో ఇసుకలోనో దిద్దించాను. ఇన్‌స్పెక్షన్ నాడు చేతులు వెనక్కి కట్టుకుని వీపు మీద దిద్దుకోమన్నాను. అందరూ గట్టెక్కారు. నాకు హెడ్‌మాస్టరు పని రావడం మాత్రం చాలా ఆలస్యమైంది. చదువు బాగానే చెబుతాడు గానీ, ఏ ఊరికి బదిలీ చేసినా వెంట గజ్జి తీసుకుపోతాడని ఆఫీసులో చెప్పుకునేవారట.